మూడో తలుపు

మా వీధి తలుపు వెనక
తారుతో రాసిన మూడంకె ఉంది.
ఎన్నిసార్లు రంగేసినా పైకి తేలుతుంది,
వరద తీసినాక గోడ మీద మిగిలే చారలా.
గ్యాసు తెచ్చే కుర్రాడు అడిగాడు:
"ఇంటి నెంబరాండీ?"
కాదు నాయనా, ప్రవేశం నెంబరు.

యానాంలో నీలంశెట్టి పేర్రాజని నోటరీ గుమాస్తా.
ఫ్రెంచి ముత్యాల్లా రాసేవాడు,
దొర "బొంజూర్" అంటే మాత్రం "ఆయ్" అనేవాడు.
చచ్చిపోయిన సుంకాల దొర సామాను వేలంలో
గొడుగు పాడుకుంటే
గొడుగు మడతల్లోంచి పుస్తకం జారిపడింది.
ఒనొరే బ్లాంషె ప్రహసనాలు, రెండో సంపుటం.
మొదటిది ఎవరి గొడుగులో పోయిందో.

ముందు పేజీల్లో ఆయన కథ:
చేతితొడుగుల కొట్టులో పద్దులు రాసేవాడట.
మొదటి నాటకానికి పారిస్ జనం ఈలలేశారు,
అవమానంతో నెల్లాళ్ళు బయటికి రాలేదు.
(ఈలలేస్తే మెచ్చినట్టే కదా, అవమానమేంటని
పేర్రాజు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.)
తొమ్మిదోది రెండువందల రాత్రులాడింది.
మొత్తం అరవై మూడు. అన్నిట్లోనూ
ఒక మొగుడు, ఒక అబద్ధం, ఐదు తలుపులు.
పెద్దలు పిలిచి పతకం తగిలించేవేళకి
చెవులు పోయాయి.
ముసలితనంలో వేదికకి వీపు పెట్టి కూర్చుని
జనంలో కదిలే భుజాలు లెక్కపెట్టుకునేవాడట.
ఆ తర్వాతి పుటలు చెదలు తిన్నాయి.
ఎలా పోయాడో వాటికే తెలుసు.

పేర్రాజు ఆ భుజాల దగ్గర ఆగిపోయాడు.
మూడు వర్షాకాలాలు
దీపం చమురుకి పెళ్ళాం చేత తిట్లు తింటూ
పారిస్‌ని ఇంజరం చేశాడు.
బ్యాంకరు మామగారు లాకు సూపర్వైజరయ్యాడు.
అత్తరు పూసిన ఉత్తరం పులస బుట్ట అడుగున దొరికింది,
మొగుడు వాసన చూసి
"ప్రేమలేఖ కాదే, పులుసు చీటీ" అనేశాడు.
అన్నీ కుదిరాయి. తలుపులే కుదరలేదు.

తాటాకు పందిట్లో తలుపెక్కడిది?
తెరలతో కానిచ్చెయ్యమన్నారు.
"తెర చప్పుడు చెయ్యదండి,
మొగుడు వెళ్ళాడంటే ధడేల్మనాలి."
గడప గడపకీ తిరిగి ఐదు తలుపులు ఎరువడిగాడు.
సాలెల వీధిలో మాది మూడోది.
ఆ రాత్రి ఐదు కొంపలు నోళ్ళు తెరుచుకుని నిద్రపోయాయి.
ఇళ్ళే నిద్రపోయాయి, మనుషులంతా పందిట్లో ఉన్నారు,
తమ తలుపెప్పుడు తెరుచుకుంటుందా అని.
మూడోదాంట్లోంచి పరాయి మగాడు వచ్చినప్పుడల్లా
మా తాతమ్మ మొహానికి కొంగడ్డం పెట్టుకుందట.
దొంగొకడు ఐదిళ్ళూ చూసి
ఇందులో ఏదో మోసముందని ఉత్త చేతుల్తో పారిపోయాడంటారు.
అదీ పేర్రాజు కల్పనే అయ్యుండొచ్చు.

అతను మాత్రం ఏమీ చూడలేదు.
తెర వెనక లాంతరు పట్టుకుని మాట అందిస్తూ
వేషగాళ్ళ వీపులే చూశాడు.
నవ్వు వినపడింది, మొహాలు కనపడలేదు.
ఆ చెవిటాయనకి భుజాలు, ఇతనికి చప్పుడు,
చెరో కొబ్బరి చెక్క.
ఆఖర్న ఈలలు పడ్డాయి.
ఏ దేశపు ఈలలో తేల్చుకోలేక
లాంతరు కింద పెట్టేశాడు.

చివరి అంకం చెదలపాలు గనక
ఊరికో ముగింపు:
కోరంగిలో మొగుడు క్షమించాడు,
తాళ్ళరేవులో పెళ్ళాం క్షమించింది,
ముమ్మిడివరంలో వానొచ్చింది.
పదకొండేళ్ళు పడవల మీద తిరిగాయి తలుపులు.
అచ్చయింది ఒక్క ముక్క లేదు.
తిరిగొచ్చింది మాది ఒక్కటే, గడియ లేకుండా.

దాంతోపాటు ఓ మాట కూడా వచ్చింది,
మా ఇంట్లో పిల్లలకి అన్నప్రాశనతో పాటు పెడతారు:
తట్టగానే తియ్యకు.
రెండు లెక్కపెట్టు.
నవ్వుండేది ఆ రెండంకెల మధ్యే.

ఎవరో తడుతున్నారు.
ఒకటి.