రచయిత అనే గడి

పామూరు అవతల, మన్నేటి ఇసకలో
రెండు రాత్రులు ఒకే యుద్ధం పాడాడు కొమ్ము మాలకొండయ్య.
మొదటి క్యాసెట్‌లో గుర్రం తెల్లది.
రెండోదాంట్లో బొల్లిది,
చచ్చేముందు ఇరవై వరసలు ఎక్కువ బతికింది.

"మార్చావే పెద్దాయనా?"
"పొల్లు పోలేదబ్బయా.
మా తాత పాడిందే."

నెల్లూరు లైబ్రరీలో చదివాను:
గ్రీకు ఒడ్డున కూడా, రాత రాకముందు,
ఇట్టాగే నోళ్ళు గుర్రాలకు రంగులద్దాయట.
పాడింది ఒక్కడా, ఊళ్ళకు ఊళ్ళా అని
పండితులు ఇప్పటికీ జుట్లు పట్టుకుంటున్నారు.

వాళ్ళు పెంచలమ్మను చూడలేదు.
మొగుడికి ఊపిరందని చోట
ఎప్పుడూ కొంగున ఉండే ఒక చరణం
ఏటికి అడ్డంగా తాటిమొద్దులా పడేస్తుంది.
దాని మీద నడిచి
అతను తరువాతి మాటకు చేరతాడు.
జొన్నచేను కావిలి మాని వచ్చిన ముసలాడెవరో
"మేనమామను మరిచావే!" అని కేకేస్తే
మేనమామ లేచొచ్చి కత్తి దూస్తాడు.

యూనివర్సిటీ కాగితంలో
'రచయిత' అన్న గడి ఖాళీ.
బొటనవేలికి సిరా పూసుకుని
"యాడ వెయ్యాలా?" అన్నాడు.
చాలాసేపు చూసి, చొక్కాకు తుడుచుకున్నాడు.

మరుసటేడు మళ్ళీ వెళ్ళాను.
కథలో, పాలెగాడి కోటవాకిట,
గొంతులు మింగే పెట్టె చంకనేసుకుని
దగ్గుకుంటూ ఒకడొచ్చాడు.
జనం నా వంక చూసి నవ్వారు.

"ఇది మా తాత పాడిందే," అన్నాడు
నేనింకా అడగకముందే.
జవాబు చెప్పబోతే దగ్గొచ్చింది.
పెంచలమ్మ దాన్ని తాళంలో కలుపుకుంది.