తరచుగా

సాయినగర్ డాక్టరు పంపిన కాగితం
యూనిట్ టెస్టు పేపర్ల కట్ట మీద పెట్టుకున్నాను.
పద్దెనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు గళ్ళు:
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా.
పేరు దగ్గర పెన్నోబులేసు అని రాసి
వయసు దగ్గర ఏడు అని రాసి
అన్నం బెల్లు కొట్టేలోపు అయిపోవాలని
పెన్ను మూత పళ్ళ మధ్య పట్టుకొని మొదలుపెట్టాను.

కూర్చున్న చోట కూర్చోడు.
తరచుగా.
ఎటువంటి చోటని కాగితం అడగలేదు.
ముగ్గురు పట్టే బెంచీలో ఐదుగురు,
ఐదోవాడు వీడు. సగం పిర్రకే సీటు.
రేకుల కింద యాభై నాలుగు మంది,
జూలై వచ్చినా చినుకు రాలని తాడిపత్రి,
గోడవతల బండలు కోసే మిషను
తొమ్మిదికి ఎత్తుకున్న గొంతు సాయంత్రం దాకా దించదు.

చెప్పింది విననట్టుంటాడు.
చాలా తరచుగా.
కొన్ని రోజులు నా పాఠం నాకే వినపడదు.
వాళ్ళ నాయన ఆ మిషను కాడే పని.
ఇంట్లో అందరూ కేకలేసుకునే మాట్లాడుకుంటారు,
కేకేస్తేనే మాట అనుకున్నాడేమో వీడు.

చేతులు ఊరికే ఉండవు.
నిజం. ఉండవు.
ఒకసారి బండల బురదను పుల్లల్లా చుట్టి
కిటికీలో ఎండబెట్టి సుద్దముక్కలు చేశాడు.
మూడో ఎక్కం వాటితోనే రాశాను,
బోర్డు మీద బూడిదరంగు గీత పడింది.
దానికి గడి లేదు.

అయినా టిక్కులు పెట్టాను.
కరస్పాండెంటు ముందే చెప్పినాడు:
"డాక్టరు చీటీ అన్నా తేవల్ల, టీసీ అన్నా తీసుకోవల్ల."
వాళ్ళమ్మ సుంకులమ్మ ఆ పొద్దు కూలి మానుకొని
అనంతపురం బస్సెక్కింది.
టోకెను అరవై మూడు. లోపల ఆరు నిమిషాలు.
డాక్టరును ఏమనాలి?
ఆయన గదిలోనూ బెంచీలు చాలవు.

మందును తిట్టడానికి నాకు నోరు రాదు.
నాలుగో తరగతి మెహతాబ్ ఉంది.
రోడ్డు చూస్తే లారీలకు ఎదురు పరిగెత్తేది,
తల గోడకేసి కొట్టుకునేది.
మాత్ర మొదలైన రెండో నెలలో
ఒక పేజీ మొత్తం రాసి
స్టాఫ్ రూముకు తెచ్చి ఒక్కొక్కరికీ చూపించింది.
ఆయమ్మకు కూడా.
ఆ రోజు నేను వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.
మెహతాబ్ కాగితమూ నేనే నింపాను.
అవే గళ్ళు. అదే పెన్ను.

ఇప్పుడు పెన్నోబులేసు కదలడు.
క్లాసు బాగుంది అంటారందరూ. నేనూ అన్నాను.
నోటుబుక్కులో అక్షరాలు గీత దాటవు,
సుద్దముక్క కిందపడితే ఎవరూ ఎగిరి దూకరు.
నేనే వంగి తీసుకుంటున్నాను.
"గమ్మునుంటాడు మేడం" అంది సుంకులమ్మ,
"సంగటిముద్ద ముందర పెట్టుకొని దాన్నే చూస్తాంటాడు.
తిండే సరిగా తినడంల్యా.
వాడి అల్లరికి తిట్టేదాన్ని గదా,
ఇప్పుడు ఎవరిని తిట్టల్ల?"
నవ్వబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్టోబరులో కాగితం మళ్ళీ వచ్చింది.
అవే పద్దెనిమిది.
'ఎప్పుడూ లేదు' గడిలో వరసగా
పై నుంచి కిందికి గీసుకుంటూ పోతే చాలు.
ఏడో ప్రశ్న కాడ కరెంటు పోయింది.
మిషను ఆగిపోయింది.
ఇన్నేళ్ళలో ఆ గదిలో
ఫ్యాను లేని, కోత లేని, ఎవరూ అరవని ఒక నిమిషం.
వెనక బెంచీ అంచున తల పైకి లేచింది.
"మేడం" అన్నాడు. మెల్లగా అన్నాడు.
"పిట్ట అరుస్తాంది."

నాకు వినపడలేదు. చెవులు రిక్కించాను.
రేకుల మీద ఎక్కడో, అవును, ఉంది.
మళ్ళీ కరెంటు వచ్చేదాకా విన్నాం.

కాగితం వెనక్కి తిప్పాను.
ఖాళీ పక్క. గళ్ళు లేవు.
బెంచీకి ఐదుగురు, అని రాశాను.
ఇంకేం రాయాలో తోచక
పెన్ను మూత కొరుకుతూ
తరచుగా కిటికీ వైపు చూస్తున్నాను.