తవుడు రంగు పిట్ట

పెంకుల మీదికి వాలిన ఎండుకొమ్మ కొట్టాలని
తవిటమ్మప్ప కబురు పెడితే
రంపం సైకిలుకి కట్టుకుని
మందస దాటి, జీడితోటల్లోంచి వెళ్లాను.

తిత్లీ తుపానుకి నిలువునా చీలిన జీడిచెట్టు.
తూర్పు సగం ఇంకా కాస్తోంది.
పడమటి సగం మాత్రం
ఏదో అడగబోయి మరిచిపోయినవాడిలా
ఇంటి మీదికి చెయ్యి చాపి అలాగే ఉండిపోయింది.

నిచ్చెన వేసి, రంపం ఆనించబోతే
టిక్.
కొమ్మ అడుగునుంచి.
ఎవరో గోటితో అగ్గిపెట్టె తట్టినట్టు.

పిచ్చుకంత. నిజం చెప్పాలంటే పిచ్చుక కంటే ఒక పిసరు తక్కువే.
వడ్రంగిపిట్టంటే నేనెరిగింది వేరు:
కొబ్బరితోటల్లో, బంగారు వీపుతో, ఎర్ర తలపాగాతో
పెళ్లిమేళంలా అరుచుకుంటూ పోయేది.
దీనికేమో నెత్తిన మట్టిరంగు టోపీ.
వీపంతా తెల్ల అడ్డచారలు,
మా అమ్మ లాంతరు వెలుగులో కుట్టిన బొంతలాగ
కొంచెం వంకరగా.
కంటి చుట్టూ, ఏడ్చి లేచినట్టు, సన్న గులాబి అంచు.
తోక పొట్టి, గట్టి. దాన్నే
ముక్కాలిపీటకి మూడో కాలు చేసుకుని
పని చేసుకుంటోంది, నన్ను లెక్కచెయ్యకుండా.

మాది నాలుగు తరాల వడ్రం.
పుచ్చు కనబడితే పక్కకి తోసేస్తాం.
ఇది పుచ్చు చూసే ముహూర్తం పెట్టుకుంది.
నిమ్మకాయ పట్టేంత గుమ్మం,
కంపాసు పెట్టి గీసినా నాకంత గుండ్రంగా రాదు.
అదీ కొమ్మ కిందివైపు, వాన పడని చోట.
ఇన్ని గుమ్మాలు నిలబెట్టాను,
జల్లు ఎటునుంచి కొడుతుందని
ఏ ఇంటివాళ్లనీ అడిగిన గుర్తు లేదు.

చెవి ఆనించి విన్నాను.
లోపల, ఎసట్లో బియ్యం కదిలినట్టు, పిల్లలు.

"ఏటి బావూ, దిష్టిబొమ్మనాగ నిలబడిపోనావు?"
దిగి చెప్పాను. మెడ వెనక్కి వంచి
చాలాసేపు వెతికింది.
"అక్కడేటీ నేదు."
"ఉంది. బెరడు కదిలితే అదే."

కదిలింది. నవ్వింది,
పలాసలో ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టి
జీడి తినేసిన నల్లటి వేళ్లు నోటికి అడ్డం పెట్టుకుని.

"నాకు ముందు ముగ్గురు పోనారు.
నన్ను పురిట్లోనే సేటెడు తవుడుకి అమ్మీసి
మళ్లీ తవుడిచ్చి కొనుక్కున్నాది మాయమ్మ.
సావు ఇటొచ్చినా, తవుడే కదా అని పోతాదని.
దీన్ని కన్నదీ ఆ బాపతేనేమో.
తవుడు రంగేసి ఒదిలీసింది, డేగకి ఆనకుండా."

అప్పుడే మగది వచ్చింది, ముక్కులో చీమల గుడ్లతో.
గాలికి తల ఈకలు చెదిరి
కంటి వెనక ఎర్రగీత, పెన్సిలు ముల్లంత,
కనబడీ కనబడగానే మూసుకుపోయింది.
ఉన్న ఒక్క నగనీ కొంగుకింద దాచుకు తిరిగేవాళ్లు
మా వైపు చాలామందే.

"ఆషాఢంలో వచ్చి కొడతాను. ఈలోగా ఎగిరిపోతాయి."
"ఈలోగా గాలొస్తేనో?"
నా దగ్గర జవాబు లేదు.

ఆవిడే పెరట్లోంచి పాత వాసం ఈడ్చుకొచ్చింది.
ఇద్దరం కొమ్మకి ఊతం పెట్టాం,
కింద రాయి, పైన ఒరుసుకోకుండా గోనెముక్క.
"కొట్టనేదు కాబట్టి సగం కూలే" అని
లెక్క కూడా ఆవిడే తేల్చి, ఒక పనసతొన చేతిలో పెట్టింది.

ఊతానికి కొట్టిన మేకుల్లో
ఆఖరిది వంకరపోయింది.
వృత్తిలో ఎప్పుడూ అలా వదిలింది లేదు.
సరిచెయ్యాలంటే ఇంకో నాలుగు దెబ్బలు పడాలి,
పైన అప్పుడే చప్పుడు మణిగింది.
వదిలేసి వచ్చాను.