ఆల్ట్రేషన్

మా రాయదుర్గంలో వానకంటే
నీలం నూగు ఎక్కువ రాలతాది.
ముక్కులో, సంగటిలో,
ఒళ్ళో బిడ్డ నిద్దరపోతే దాని రెప్పల మీద.
పీసుకు ఇంతని లెక్క.
జిప్పు ఒకరిది, జేబు ఒకరిది, నడుంపట్టీ నాది.
ఇరవై రెండేండ్లాయె
నేనెప్పుడూ తొడగని ప్యాంట్లకు నడుములు కుడతాండా,
నా నడుము సంగతి అడగొద్దు.

షెడ్డుకు రెండు వాకిండ్లు.
ఒకటి ఓనరు కుర్చీ పక్కనుంచి.
రెండోది గల్లీ దిక్కు, లోపలికి తెరిచేది,
పొద్దున తొమ్మిదికి దానికి బీగం.
"జిప్పులు పోతాండాయి" అన్న్యాడు.
నిజమే, ఒగసారి పోయినాయి. పన్నెండు.
పన్నెండు జిప్పుల కోసరం
నలభై ఒక్క మందిమి లోపల.

ఆ పొద్దు కరెంటు పోయింది.
మిషన్లు ఆగినా చెవుల్లో ఆడతానే ఉంటాయి.
మాబున్ని కూతురు షాహిదా క్యారేరు తెచ్చి,
రేపే పరీక్షని, గుడ్డల మూటకు ఆనుకోని
గట్టిగా బట్టీ పడతాంది:
అమెరికాలో పరిశ్రమలు, సంఘ సంస్కరణలు,
పది మార్కుల ప్రశ్న.
పొగ గొట్టాలు, పసిపిల్లల కూలి,
ఎనిమిది గంటల కోసం సమ్మెలు, ఆడోళ్ళ ఓటు,
గూడ్సుబండి పోయినట్ల పోతాంది చదువు.
మేం విననే లేదు.

"తొమ్మిదో అంతస్తులో ఒక ద్వారమునకు తాళము వేసి ఉండెను,
కార్మికులు దొంగిలింతురేమోనని..."

విసురుకుంటాండే అట్టముక్కలు
గాలిలోనే నిలిచిపోయినాయి.

"మళ్ళా సదువు" అనింది బొమ్మక్క.
న్యూయార్కు. మార్చి నెల, శనివారం.
ఇంగ కొంచేపటికి ఇండ్లకు పోతారనగా నిప్పు.
ఫైరింజను నిచ్చెన ఆరో అంతస్తుకే అందింది.
"ఏం కుట్టేవాళ్ళు?"
"ఆడోళ్ళ జాకెట్లు."
"ఎంతమంది?"
"నూటా నలభై ఆరు."
బొమ్మక్క కుడిచెవిని మిషను ఎప్పుడో తినేసింది.
"పీసులా?" అనింది.

ఎవరూ నవ్వలేదు.

"పేర్లు రాసినారా?"
"లేదు పెద్దమ్మా, లెక్కే ఉండాది."
"అయినంక?"
"జనం రోడ్ల మీదికొచ్చినారు. చట్టాలు మారినాయి.
పని జరిగేటప్పుడు వాకిలికి బీగం ఉండగూడదు,
బయటికే తెరుచుకోవల్ల. దాన్ని సంస్కరణ అంటారు."
గైడులో ఉండే అర్థం గూడా చెప్పింది, రెండు లైన్లు,
మా తలకు ఎక్కలా.
నాకు తెలిసిన మాటే గదా ఇది అనుకుంటి.
ఆల్ట్రేషన్.
బట్ట పట్టకపోతే ఒళ్ళు కోయరు.
కుట్టు విప్పి, బిగువున్న చోట వదులు చేస్తారు.
పాత సూది బొక్కలు కనపడతానే ఉంటాయి. ఉండనీ.

మర్నాడు ఎవరమూ మిషనెక్కలేదు.
మాకు జెండా ల్యా, మైకు ల్యా,
గల్లీలో ఆ వాకిలికి ఎదురుగా కూర్చుంటిమి, అంతే.
పీసుకు అర్ధరూపాయి పెంచుతా, లోపలికి రాండని ఓనరు.
అర్ధరూపాయీ ఇయ్యి, బీగమూ తియ్యి అని మేము.
మూడోనాటికి హంపమ్మ ఇంట్లో బియ్యం అయిపోయినాయి.
తను, ఇంగ ఇద్దరు, తల వంచుకోని లోపలికి పోయినారు.
మేము ఏమీ అనలేదు.
అబద్ధమెందుకు, నేను తిట్టినా. శానా తిట్టినా.

ఐదోనాడు వడ్రంగి మౌలాలి వచ్చి
బందులు పీకి అటువైపు మళ్ళించినాడు.
అర్ధరూపాయి రాలేదు.
వాకిలి వచ్చింది.
బిర్రుగా తోస్తే
రోజూ అక్కడే నిలబెట్టే ఓనరు బండికి తగులతాది,
గీత పడింది, ఇంగోటి పడింది.
తిడతాడు. బండి మాత్రం జరపడు.

షాహిదాకు ఆ ప్రశ్నకు ఆరు మార్కులే.
"ఉదాహరణలు తక్కువ" అని రాసినారంట.

ఇప్పుడు మధ్యాన్నం గాలి తిరిగినప్పుడు
నూగంతా లేచి ఆ వాకిట్లోంచి గల్లీలోకి పోతాది.
ఎదురింటోళ్ళ తెల్ల మేకపిల్ల
నీలం రంగుకు తిరగతాండాది,
వాళ్ళు మాతో కొట్లాటకు వస్తాండారు.