వత్తుకు చోటు

ఉస్తాద్ జలాలుద్దీన్‌ది మండిబజార్.
ఇంట్ల ఉర్దూ, డిపోల తెలుగు.
రేకు మీద సుద్దదారం కొట్టి
గీత కింద బెత్తెడు ఖాళీ విడిశేటోడు.
"వత్తుకు చోటుంచాలె ఓదెలూ.
పైనోడు పైన కూసుంటడు,
ఎనుక ఎక్కెటోడు ఏడ నిలవడాలె?"

నాకు పన్నెండేండ్లు.
కిరసనాయిల్ల కుంచెలు కడుగుడు,
పాత బోర్డులు గీకుడు నా పని.
రూటు మారినప్పుడల్ల కొత్త రేకు ఇయ్యరు.
ఉన్నదాన్నే గీకి, పసుపు పూసి, నల్లగ రాయాలె.
కాశిబుగ్గ మీద హసన్‌పర్తి
హసన్‌పర్తి మీద ఉర్సుగుట్ట
పొట్టు పొట్టు రాలేటియి.
గోర్ల సందుల ఫాతిమానగర్ ఉండంగనే
అన్నం తిన్న దినాలున్నయి.

మిల్లు బస్సని ఒకటుండె.
పాళీ ఇడిశే యాళ్లకు గేటు ముంగల ఆగేది.
ఎంట్రుకలల్ల దూది అంటుకొని ఎక్కేటోళ్లు.
"ఒక్క పాళీకే అందరు ముసలోళ్లయిండ్రా?" అని
కండక్టర్ వీరాచారి నవ్వి
సిల్లర లేకుంటే రేపియ్యుమనేటోడు.

మిల్లు మూతవడ్డంక కాయితమొచ్చింది.
రూటు రద్దు. ఆ రేకు మీద ఎనుమాముల రాయాలె.
ఉస్తాద్ నాకియ్యలె, తనే గీకిండు.
'ల్లు' కాడికి వచ్చి చెయ్యాగింది.
"ఇది జర ఉండనీ" అన్నడు.
పసుపు దాని మీదనే పూసిండు.
పొద్దు అడ్డంగ వడ్డప్పుడు చూస్తే
ఎనుమాముల కింద చిన్న బొడిప,
వేరే ఊరి వత్తు.
మార్కెట్ల మిర్పబస్తాలు కుట్టవోయే మిల్లు ఆడోళ్లు
ఆ బస్సే ఎక్కిరి.
దూదికి బదులు ఘాటు. తుమ్ములే తుమ్ములు.

ఎర్రబస్సంటరు గని ఎరుపొక్కటే కాదు.
కొత్తల కుంకుమ, మూడేండ్లకు ఇటుకపొడి,
తుక్కు కింద అమ్మే నాటికి
ఆరిన నెత్తురు.

ఏడు సీట్ల ఆటోలొచ్చి రూట్లను తిన్నయి.
పెద్దద్దాల నీలం బస్సులొచ్చినయి.
రాష్ట్రం రెండయినప్పుడు
ఏపీ గీకి టీఎస్ రాసిన,
రాత్రులు, ట్యూబులైటు కింద, ఒక్కన్నే.
ఉస్తాద్ అప్పటికే లేడు.
ఆ తర్వాత టీజీ.
దానికి నన్ను పిలువలె.
స్టిక్కరొచ్చింది.

రద్దయిన బోర్డులు కిలోల లెక్కన అమ్మంగ
ఆ ఎనుమాముల రేకు తెచ్చుకున్న.
మా కోళ్లగూటికి అదే తలుపు.
కోడి దాన్ని ముక్కుతోని పొడుస్తది.
ఏం తెలుస్తది దానికి, పసుపు కింద ఏమున్నదో.
నా భార్య రాధాబాయి మాత్రం
"మిల్లు తలుపెయ్యి" అంటది, పొద్దుగూకితే.

మొన్న హన్మకొండ చౌరస్తాల నిలవడ్డ.
కరెంటు బస్సొచ్చింది,
పక్కన నిలవడేదాక సప్పుడు లేదు.
నెత్తి మీద ఎర్ర సుక్కల బోర్డు,
అక్షరాలు నిలువలె, ఉరుకుతున్నయి.
వత్తొకటి అక్షరం కింద పట్టక
పక్కకు జరిగి ఒంటిగ వోతున్నది.

బుచ్చమ్మ అసొంటి ముసలామె ఒకతె
(బుచ్చమ్మకు సదువు రాదు,
'జీ' బొజ్జ చూసి కాజీపేట బస్సెక్కేది)
నా మోచెయ్యి వట్టింది.
"బిడ్డా, గిది మడికొండ వోతదా?"

తలెత్తిన. 'మ' ఆడికే దాటిపోయింది.
'కొండ' కనవడ్డది.
అది మడికొండనో, హన్మకొండనో.

నలభై ఏండ్లు ఈ ఊరి దారులన్ని
నా చేతితోటి రాసినోన్ని,
"వోతది" అన్న.

ఆమె ఎక్కింది. సున్నా టికెట్ తీసుకొని
కిటికీల నుంచి చెయ్యూపింది.
బోర్డు మల్ల మొదటికొచ్చేలోపల
బస్సు మలుపు తిరిగింది.

ఆడనే నిలవడ్డ, శానాసేపు.