వీపుల లెక్క

ముఖాలు నాకు గుర్తుండవు.
బజారులో ఎవరైనా పలకరిస్తే తెల్లబోతాను.
కూరల సంచితో ఆమె అటు తిరిగాక
మెడ వెనక పులిపిరి కనబడుతుంది.
ఓహో, మంగళవారం మనిషి!

తిబ్లిసీలో, గంధకం నీళ్ళ స్నానశాలలో
నలభై ఒక్క ఏళ్ళుగా వీపులు రుద్దుతున్నాను.
కుళ్ళిన కోడిగుడ్డు కంపంటారు కొత్తవాళ్ళు.
నాకది మా అమ్మ తలగుడ్డ వాసన.
ఆమెదీ ఇదే పని, ఇదే రాతిబల్ల.

చేతికి గరుకు సంచి తొడుగుతాను, కీసా అంటాం.
మట్టి వత్తులు వత్తులుగా లేచి వస్తుంది.
కొన్ని రావు.
నా చదువంతా ఆ రానివాటి మీదే.

ఒకామె చంకలో మెత్తటి తొడిమలు మూడు,
గొలుసు రాసుకునే చోట ఇంకో రెండు.
ఒకామె పొట్ట మీద దానిమ్మ గింజ,
నొక్కితే పోదు, గోకితే మాత్రం ఎర్రగా ఏడుస్తుంది.
పాటల టీచరు నానులీ భుజం మీద
ఎవరో కాఫీ ఒలకబోసి తుడవడం మరిచిన మచ్చ,
అది ఆమెతోనే పుట్టిందట.
డెబ్బై దాటితే ఇక అందరి వెన్నూ ఒక్కటే,
గోధుమరంగు గరుకు బొట్లు,
పైవీధి చర్చిలో
కొవ్వొత్తులు కారి కారి గట్టిపడ్డ గోడలా.

పనిలో చేరిన కొత్తలో
ఒక పులిపిరిని మురికనుకుని తెగ రుద్దాను.
నెత్తురొచ్చింది. చెంప పగిలింది, నాదే.
ఆ రాత్రి అమ్మ ఒక్క మాటే అంది:
"మురికికి వేరుండదు.
వేరున్నదాని జోలికి పోకు."

దరేజాన్ ట్రాము నడిపేది.
ట్రాములు పోయాయి, పట్టాలూ పీకేశారు,
ఆమె గురువారం మాత్రం పోలేదు.
మొన్న చలికాలం వచ్చి, బల్ల మీద పడుకోకుండా
దుప్పటి చుట్టుకుని కూర్చుంది.
"వీపు మీద ఏదో ఉందట.
గౌను కొలతలు తీసే పిల్ల చూసి హడలిపోయింది.
అద్దానికి దొరకదు, చెయ్యి అందదు.
వఖ్తాంగ్ ఉంటే అడిగేదాన్ని."
వఖ్తాంగ్ పోయి రెండేళ్ళు.
రాచపుండు అనే మాట ఆమె అనలేదు,
ఆవిరిలో మా ఇద్దరి మధ్యా అదే కూర్చుంది.

తడివేలితో వెతకనక్కర్లేకపోయింది.
ఎడమ రెక్క కింద, నాలుగు వేళ్ళ దూరం.
"ఇదా? ఇది నాకు పాత చుట్టం.
అదే రంగు, అదే అంచు, అదే పెసరగింజ.
మీద వెంట్రుక మాత్రం నెరిసింది, నీలాగే."

నవ్వింది. తరవాత చాలాసేపు నవ్వలేదు.
నేను డాక్టర్ని కాను, చూపించుకోమన్నాను.

అక్కడ డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి
ఎన్నేళ్ళుగా ఉందని అడిగిందట.
"నా వీపు సంగతి నన్నడుగుతారేం,
తెలిసినామెను అడగండి."
నాకు ఫోనొచ్చింది.
తడిచేత్తో వసారాలో నిలబడి చెప్పాను:
ముప్పై ఒక్క ఏళ్ళు. పెరగలేదు. రంగు మారలేదు.
అవతల కలం గీసుకుంటున్న చప్పుడు.
నా మాటను ఎవరైనా కాగితం మీద పెట్టడం
అదే మొదటిసారి.

పుట్టుమచ్చే, ఏం భయం లేదని తేలింది.
గురువారం చుర్చ్‌ఖేలా దండ తెచ్చిచ్చింది,
అక్రోటు పళ్ళలో ఇరుక్కుని నన్ను చంపింది.

ఆ సాయంత్రం తలుపులు మూసే వేళ
నేల కడుగుతున్న సెవింజ్‌ను పిలిచాను.
చేరి మూడు నెలలు, ఇంకా ముఖాలే చూస్తుంది.
అమ్మ పోయాక ఎవరూ ముట్టని వీపును
వేడిరాతి మీద బోర్లా పరిచాను.

"చదువు."

"ఏముంది పిన్నీ, మచ్చలు."

"ఎక్కడెక్కడ?"

"నడుం మీద రెండు. మెడ కింద ఒకటి, ఉబ్బెత్తుగా."

"ఎంతుంది?"

"మిరియమంత."

"గుర్తుపెట్టుకో," అన్నాను.
నీళ్ళు పొయ్యమన్నాను.