రెండో కాలు

మార్కాపురం శాఖా గ్రంథాలయంలో
బీరువా అడుగు అరలో ఉండేదా పుస్తకం.
అట్ట లేదు. చివరి నాలుగు పేజీలు లేవు.
నాసరయ్య సారు సిమెంటు సంచి కాగితం చుట్టి
ఊదా సిరాతో పేరు రాశాడు:
ఒంటికాలి మబ్బు.

కథ పెద్దదేం కాదు.
ఒక మబ్బుకి ఒకటే కాలు.
వానకోసం ఊళ్లన్నీ నోరు తెరుచుకుని చూస్తుంటే
మిగతా మబ్బులన్నీ దాటిపోయాక
అది కుంటుకుంటూ వస్తుంది,
తుమ్మచెట్టుకి చెయ్యానించి కాసేపు ఆయాసం తీర్చుకుంటుంది,
దాకమ్మ అనే పిల్లని మజ్జిగ అడుగుతుంది.
టక్కు... జుర్రు... టక్కు... జుర్రు...
దాని నడక చప్పుడు అట్లాగే అచ్చేశారు.
బొమ్మ ఉన్న పేజీని మాత్రం చెదలు తిన్నాయి.

అందుకని మేమే గీసుకునేవాళ్లం.
పలకల ఊళ్లో పలకలకేం కరువు?
చట్రానికి పనికిరాక పారేసిన పగులుముక్కలు
ఎన్ని కావాలంటే అన్ని.
నా మబ్బుకి మీసాలు.
కాశింపీరా మబ్బుకి చంకలో కర్ర.
నచ్చకపోతే ఉమ్మితో తుడిచి మళ్లీ గీసేవాడు,
కర్రని మాత్రం తుడవనిచ్చేవాడు కాదు.
మూడో ఏట జ్వరమొచ్చి వాడి ఎడమకాలు
తుమ్మకొమ్మంత సన్నబడి ఆగిపోయింది.
రిజిస్టరులో ఎప్పుడు చూసినా
ఆ పుస్తకం వాడి పేరు మీదే ఉండేది.

నలభై ఏళ్లకి సినిమా వచ్చింది.
మూడొందల కోట్లంట.
హాలు ముందు మబ్బుకి కటౌటు, కటౌటుకి పాలు.
కారిన పాలని ఒక మేక నాకుతోంది.
మా చెల్లెలి మనవడు లోహిత్‌గాడు,
నేను, కాశింపీరా,
ముగ్గురి ముక్కుల మీదా త్రీడీ అద్దాలు,
రెండు సీట్ల మధ్య వాడి కర్ర.

మబ్బు గర్జించింది.
మబ్బుకి ఒక అన్న, అన్నకి ఒక పగ,
పగకి ఒక బంగారు కోట.
దాకమ్మ గుర్రమెక్కి కత్తి తిప్పింది.
ఎవరూ ఎవర్నీ మజ్జిగ అడగలేదు.
పావుగంటన్నా కాకముందే
మంత్రగాడెవడో చెయ్యెత్తితే
మబ్బుకి రెండో కాలు మొలిచింది,
వెండిది, మోకాటికి రత్నాలు.
హాలంతా ఈలలు.
నేను పక్కకి చూడలేదు.
చూడకపోయినా వినపడింది:
“కాలికి బానే ఖర్చు పెట్టారబ్బా.”

యుద్ధం మొదలవబోతుంటే కరెంటు పోయింది.
జనరేటరుకి డీజిలు లేదన్నారు, తెస్తున్నారన్నారు.
అంత చీకటి నేనీమధ్య చూడలేదు.
ఇదే సందని కాశింపీరా ఒంటేలుకి లేచాడు.
నడవలో గచ్చు మీద
టక్కు... జుర్రు...
టక్కు... జుర్రు...
లోహిత్‌గాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.
“తాతా, ఎవరో వస్తున్నారు.”
వస్తున్నారు నాయనా.
నలభై ఏళ్లనించీ వస్తున్నారు.

తర్వాత కరెంటు వచ్చింది, యుద్ధం వచ్చింది,
లోహిత్‌గాడు సీటెక్కి చప్పట్లు కొట్టాడు.
వాడికి సినిమా నచ్చింది. నిజం చెప్పాలి కదా.

బయట టీ బంకు దగ్గర నేను ఆగలేకపోయాను.
కథ తెలియనివాళ్లు తీస్తే ఇంతేరా,
మబ్బుకి కాలొస్తుందని ఆ పుస్తకంలో ఎక్కడుంది,
చదివినవాడు ఒక్కడన్నా ఉంటే ఆపేవాడు కదా,
అని గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాను.

కాశింపీరా బిస్కెట్టు ముంచి,
అది మెత్తబడి టీలో పడిపోయేదాకా చూసి,
“ఉందిరా” అన్నాడు.
“చివరి నాలుగు పేజీల్లో.
మొలుస్తుంది. పరిగెత్తుతుంది కూడా.
నేనే చించి పలకల గనిలో నీళ్లల్లో వేశా.
అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.”

లోహిత్‌గాడు అద్దాలు తీయకుండానే
ఆకాశంలోకి చూస్తున్నాడు.
ఆకాశంలో ఏమీ లేదు.
టీ డబ్బులు వాడే ఇచ్చాడు, నన్ను ఇవ్వనీయలేదు.